ఎరువుల కింద విత్తనాలు

గుండ్లవంక విత్తన పరీక్షా కేంద్రం వెబ్‌సైటులో పెద్ద లోపం ఒకటుండేది. అది పనిచేసేది.

రైతు తన విత్తనాల సంచికి కుట్టిన చీటీ మీద లాటు నంబరు చూసి, ఫోన్లో ఆ నంబరు కొడితే, ఆ లాటు గింజలు వందకు ఎన్ని మొలిచాయో తెర మీద కనబడేది. దానికి ప్రారంభోత్సవం జరగలేదు. దాని మీద ఎవరి ఫొటో లేదు. కేంద్రం అధికారిణి హంసవేణి గింజలను ఇసుక ట్రేలలో నాటించి, మొలకలు దగ్గరుండి లెక్కపెట్టించి, ఫలితాన్ని సైటులో పెట్టేది. పేజీ రాసి బటన్ నొక్కితే చాలు, సైటే దాన్ని తగిన చోట అమర్చుకునేలా మస్తాన్ వలి ఏర్పాటు చేశాడు. మస్తాన్ వలి ఆ కేంద్రంలో కాంట్రాక్టు ప్రోగ్రామరు. తనకు రాని పని లేదని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని అతను ఎవరి దగ్గరా దాచేవాడు కాదు.

నాసిరకం వేరుశనగ విత్తనాలు అమ్మే వ్యాపారులకు తప్ప ఆ సైటు వల్ల జిల్లాలో ఎవరికీ ఇబ్బంది లేదు. అలాగే సాగిపోయేదేమో. ఈలోగా రాజధానిలో శేషశయనం గారికి మెలకువ వచ్చింది.

శేషశయనం గారు శాఖలో అదనపు సంచాలకులు. అధికారులందరికీ కంప్యూటరు పరిజ్ఞానం కల్పించాలని పెట్టిన ఒక శిక్షణా శిబిరానికి ఆయన వెళ్లారు. మధ్యాహ్న భోజనం తర్వాత జరిగిన ప్రసంగంలో ఆయన కళ్లు తెరిచే సరికి వక్త, "చిరునామాలు శుభ్రంగా ఉండాలి" అంటున్నాడు. వెబ్ చిరునామాలో అడ్డదిడ్డమైన గుర్తులు లేకుండా, చదివితే అర్థమయ్యే మాటలుండాలని అతని భావం. ఆ భావం వివరించే సమయానికి శేషశయనం గారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. కాబట్టి శుభ్రత ఒక్కటే ఆయనతో పాటు కార్యాలయానికి తిరిగి వచ్చింది.

ఆ వారంలోనే శాఖలో అంతర్జాల పారిశుద్ధ్య విభాగం వెలిసింది. దానికి ఆయనే అధిపతి. మొదటి ఉత్తర్వు ఇలా వెలువడింది: "ఇందుమూలముగా సమస్త అనుబంధ కార్యాలయములకు తెలియజేయడమైనది ఏమనగా, వెబ్ చిరునామాలలో ప్రశ్నార్థకము, సమాన చిహ్నము మొదలగు అపరిశుభ్ర గుర్తులు ఎంతమాత్రమూ ఉండరాదు. మరియు అనుబంధ కార్యాలయములకు స్వతంత్ర చిరునామా ఉండుట క్రమశిక్షణకు భంగకరము కావున, ఆయా వెబ్‌సైట్లు ప్రధాన కార్యాలయపు వెబ్‌సైటులో ఒక ఫోల్డరుగా ఒదిగి ఉండవలెను."

దీని మీద వీడియో సమావేశం జరిగింది. తెర మీద ప్రతి జిల్లా అధికారీ ఒక చిన్న గడిలో కూర్చుని తల ఊపుతున్నారు. శేషశయనం గారి గడి పెద్దది. ఆయన గుండ్లవంక కేంద్రం చిరునామాను అక్షరం అక్షరం చదివించుకుని విన్నారు.

"ప్రభుత్వ చిరునామాలో ప్రశ్నార్థకమా!" అన్నారు. "ప్రభుత్వం సమాధానం చెప్పే వ్యవస్థ. ప్రశ్నించే వ్యవస్థ కాదు. చూసేవాళ్లేమనుకుంటారు? మనకే ఏదో సందేహం ఉన్నట్టు లేదూ?"

"ఆ పక్కనే సమాన చిహ్నం కూడా ఉంది సార్," అని ఒక ఉపసంచాలకులు గుర్తుచేశారు.

"ఎవరితో ఎవరు సమానం?" అన్నారు శేషశయనం గారు.

హంసవేణి చెయ్యెత్తింది. "సార్, ఆ గుర్తులు తీసేయడం మంచిదే. రైతులకు చదువుకోడానికి వీలుగా ఉంటుంది. కానీ సైటును ఫోల్డరులోకి మార్చితే లోపలున్న రూల్సు కూడా మార్చాలి సార్. వానలు వచ్చేలోపు ఆ పని..."

"రూల్సు మార్చడమా?" శేషశయనం గారి ముఖం తెర నిండా వచ్చింది. "రూల్సు మార్చే అధికారం మీకెవరిచ్చారమ్మా?"

"అవి సైటు రూల్సు సార్. చిరునామాను ఏ పేజీకి పంపాలో చెప్పే..."

"ఏ రూల్సైనా రూల్సే. వాటి సవరణ ప్రభుత్వ పరిధిలోని అంశం. తదుపరి."

తర్వాత ఏ ఫోల్డరు ఎక్కడుండాలన్న చర్చ మొదలైంది. విత్తనాల ఫోల్డరును ప్రధాన సైటులో నేరుగా పెట్టమని మస్తాన్ వలి రాసి పంపాడు. అది చూసి ఎరువుల విభాగం అధిపతి నొచ్చుకున్నారు. విత్తనాల అధికారిణి కేడరు తనకంటే తక్కువ. తక్కువ కేడరు ఫోల్డరు తన ఫోల్డరు పక్కన కూర్చుంటే తన గౌరవం ఏం కావాలి? ఆయన వాదన సబబుగానే ఉందని అందరూ అన్నారు. ఎరువుల అధిపతి కంటే క్రిమిసంహారకాల అధిపతి ముందు ఉద్యోగంలో చేరారని ఇంకొకరు లేచి చెప్పారు. సీనియారిటీ జాబితా తెప్పించారు. చివరికి వ్యవసాయం, దాని లోపల క్రిమిసంహారకాలు, వాటి లోపల ఎరువులు, ఎరువుల లోపల విత్తనాలు అని ఏకగ్రీవంగా తీర్మానించారు. మొలకెత్తని విత్తనం సంగతి తెలుసుకోవాలంటే రైతు ముందు పురుగుమందులోంచీ, తర్వాత ఎరువులోంచీ నడిచి రావాలి.

"ఏం ఫర్వాలేదు మేడమ్. పది నిమిషాల పని. ఎక్కడ పెట్టమన్నా పెడతా," అన్నాడు మస్తాన్ వలి.

సైటును ఎత్తుకెళ్లి ఎరువుల కింద పెట్టారు. ప్రారంభోత్సవం రాజధానిలో జరిగింది. సర్వరు గది గుమ్మానికి మామిడాకులు కట్టారు. కొబ్బరికాయ గది బయటే కొట్టాలని మస్తాన్ వలి పట్టుబట్టబట్టి యంత్రాలు బతికాయి. శేషశయనం గారు మౌస్ నొక్కారు. మొదటి పేజీ తెరుచుకుంది. అందులో ఆయన ఫొటో, దాని కింద స్వచ్ఛతపై ఆయన సందేశం ఉన్నాయి. చప్పట్లు మోగాయి. రెండో పేజీ నొక్కాలని ఎవరికీ తోచలేదు. చప్పట్ల తర్వాత టిఫిన్లు వచ్చాయి.

రెండో పేజీ నొక్కింది హంసవేణి, గుండ్లవంక తిరిగొచ్చాక. "మీరు కోరిన పుట లభ్యం కాలేదు" అని వచ్చింది. ఇంకో లాటు కొట్టింది. లభ్యం కాలేదు. అన్ని లాట్లదీ అదే తీరు.

మస్తాన్ వలి పది నిమిషాల పని మీద రెండు రోజులు కూర్చుని, మూడో రోజు టీ గ్లాసు పట్టుకుని ఆమె గదిలోకి వచ్చాడు. అతని ముఖంలో ఎప్పుడూ ఉండే ధీమా లేదు.

"పేజీలన్నీ క్షేమంగానే ఉన్నాయి మేడమ్. దారే పోయింది. ఎవరైనా లాటు అడిగితే, ఆ చిరునామాను మన ప్రోగ్రాం దగ్గరికి పంపే రూలు ఒకటుంది. మనం సొంత సైటుగా ఉన్నప్పుడు రాసుకున్న రూలు. అదింకా మనం బయట వీధిగుమ్మంలోనే ఉన్నామనుకుంటాంది. అడిగినోళ్లనంతా అక్కడికే తోలుతాంది. అక్కడున్నది ప్రధాన కార్యాలయం సైటు. దానికి మన లాట్లు ఏం తెలుసు? లేవు పొమ్మంటాంది."

"మరి ఏం చెయ్యాలి?"

"మనం ఎరువుల కింద ఉన్నామని ఆ రూల్సు ఫైల్లో ఒక్క లైను మార్చాల. నాదే తప్పు, పంపేముందే మార్చి పంపాల్సింది. ఇప్పుడు ఆ ఫైలు ముట్టుకునే అనుమతి పారిశుద్ధ్యం వాళ్లకు మాత్రమే ఉంది."

హంసవేణి అప్పుడే రాజధానికి ఫోన్ చేసింది. విషయం రాతపూర్వకంగా పంపమన్నారు. పంపింది. ఏ ఫైలో పేరు స్పష్టంగా తెలపమన్నారు. తెలిపింది. ఆ ఫైలు పేరు చుక్కతో మొదలవుతుంది. అలా చుక్కతో మొదలయ్యే ఫైళ్లు మామూలుగా చూస్తే జాబితాలో కనబడవని మస్తాన్ వలి వివరంగా రాశాడు. అంత వివరం అక్కర్లేదని తర్వాత తెలిసింది.

శేషశయనం గారే స్వయంగా ఫోన్ చేశారు.

"కనబడని ఫైలా? ఎప్పటినుంచి జరుగుతోందిది?"

"అన్ని సైట్లకూ ఉంటుంది సార్. అది మామూలే."

"పారదర్శకతకు కట్టుబడిన ప్రభుత్వంలో రహస్య ఫైళ్లుండటం మామూలా? మీరు బాధ్యతగల అధికారిణి అయ్యుండి ఈ మాట అంటున్నారా?"

"సార్, ఆ ఫైల్లో ఒక్క లైను మార్చితే రైతులకు..."

"ఒక్క లైను కాదమ్మా. నేను మొత్తం ప్రక్షాళన చేస్తాను."

చేశారు. శాఖలోని అన్ని సైట్లలోనూ రూల్సు ఫైళ్ల పేర్లలో ముందున్న చుక్క తీసేయాలని ఉత్తర్వు వెళ్లింది. చుక్క పోయాక ఫైళ్లు అందరికీ చక్కగా కనబడ్డాయి. సర్వరు మాత్రం వాటిని రూల్సుగా గుర్తించడం మానేసింది. అప్పటిదాకా విత్తనాల పేజీలు మాత్రమే లభ్యం కాలేదు. ఇప్పుడు ఎరువులవీ, క్రిమిసంహారకాలవీ, పశుగ్రాసానివీ, ప్రధాన కార్యాలయానివీ కూడా లభ్యం కాకుండా పోయాయి. మొదటి పేజీలు మాత్రం అన్నిచోట్లా తెరుచుకుంటున్నాయి. ఫొటోలు వాటి మీదే ఉన్నాయి కాబట్టి పైవాళ్లకు ఏ లోటూ తెలియలేదు.

అంతలో వాన పడింది.

గుండ్లవంక చుట్టుపక్కల నేలలు ఎర్రవి. వాన పడ్డాక పదును, అంటే విత్తనానికి కావలసిన తడి, కొద్ది రోజులే ఉంటుంది. ఆ కొద్ది రోజుల్లో వేరుశనగ వేసినవాళ్లకు పంట, వేయనివాళ్లకు వచ్చే ఏడు. చెడ్డ గింజ వేసినవాళ్లు వేసినా వేయనట్టే. వాన వెలిసిన పొద్దున చౌడమ్మ అనే రైతు తడిసిన చీర కుచ్చెళ్లు పిండుకుంటూ కేంద్రం గేటు దాటి వచ్చింది. ఆమెకు మామిళ్లపల్లిలో నాలుగెకరాల చేను ఉంది. భర్త పోయాక సేద్యమంతా తనే చూసుకుంటోంది.

"ఏం మేడమ్, నీ ఫోను సచ్చిపోయిందా?" అంది. "నా కోడలు పొద్దున్నించి ఒత్తుతానే ఉండాది. లేదు లేదు అంటాది. సంచులు ఇంట్లో పడుండాయి. పదును ఆరిపోతాంది. ఈ శెనక్కాయ ఎయ్యల్లా వద్దా?"

ఆమె కొంగున ముడేసి తెచ్చిన చీటీని హంసవేణి విప్పి చూసింది. ఆ లాటు ఆమెకు బాగా గుర్తుంది. ఇసుక ట్రేలో వందకు ముప్పై మొలవడమే కష్టమైంది. డెబ్బై అయినా మొలవకపోతే అమ్మకూడదు. ఫలితం ఎప్పుడో సైటులో పెట్టింది. ఎరువుల కింద అది ఎవరికీ కనబడకుండా పడి ఉంది.

"వెయ్యొద్దు చౌడమ్మా. సగం కూడా మొలవవు. వెంటనే అంగడికి తీసుకుపోయి మార్పించుకో."

చౌడమ్మ వెళ్లింది. మధ్యాహ్నానికి సంచులతోనే తిరిగొచ్చింది.

"అంగడాయప్ప నవ్వినాడు మేడమ్. 'నోటిమాట నేను నమ్మను, సైటులో ఉంటే సూపించు' అన్నాడు. యాడ సూపిచ్చేది? నువ్వే ఒక ముక్క రాసియ్యి."

హంసవేణి కాగితం తీసుకుంది. అప్పుడే రాజధాని నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. డిజిటల్ మాధ్యమంలో ప్రచురించిన సమాచారాన్ని కాగితం ద్వారా గానీ, మౌఖికంగా గానీ పునరావృతం చేయడం స్వచ్ఛ చిరునామా స్ఫూర్తికి విరుద్ధమనీ, ఉల్లంఘించినవారిపై చర్యలు తీసుకోబడుననీ అందులో ఉంది. దాని వెనకే ఇంకో సందేశం వచ్చింది. ఉత్తమ ప్రజాదరణ పొందిన వెబ్ పుటకు బహుమతి అందుకోవడానికి ఆమె మర్నాడు రాజధానిలో ఉండాలట.

బహుమతి దేనికో ఆమెకు అక్కడికి వెళ్లాక గానీ తెలియలేదు. వాన పడ్డప్పటి నుంచీ రాష్ట్రంలో ఏ ప్రభుత్వ పుటనూ చూడనంతమంది జనం ఒకే పుటను చూశారు. కొందరు గంటకు పాతికసార్లు చూశారు. అది "మీరు కోరిన పుట లభ్యం కాలేదు" అన్న పుట. చూసినవాళ్లలో ఎక్కువమంది గుండ్లవంక జిల్లా రైతులు.

"ఒకే పుటను ఇంత పట్టుదలతో మళ్లీ మళ్లీ సందర్శించడం," అన్నారు శేషశయనం గారు వేదిక మీద, "ప్రజలకు మన సేవల పట్ల గల అచంచల విశ్వాసానికి నిదర్శనం. ఆ పుటలోని భాష గమనించండి. సూటిగా ఉంది. మర్యాదగా ఉంది. ఒక్క ప్రశ్నార్థకం లేదు."

శాలువా కప్పి, మైకు ఆమె చేతికిచ్చారు.

"సార్, వాళ్లు ఆ పేజీ కోసం రాలేదు," అంది హంసవేణి. "వాళ్లకు కావలసింది దొరక్క మళ్లీ మళ్లీ వెతికారు. ఇంకో రెండు మూడు రోజుల్లో పదును పోతుంది. ఒక్క లైను మార్చండి సార్. కాదంటే నన్ను మార్చనివ్వండి."

శేషశయనం గారు మైకు వెనక్కి తీసుకుని, "బహుమతి అందుకుంటూ కూడా ఇంకా మెరుగుపడాలని తపించే ఇటువంటి వినమ్రతే మన శాఖకు శ్రీరామరక్ష," అన్నారు. మళ్లీ చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య హంసవేణి మెట్లు దిగి, భోజనానికి ఆగకుండా బస్టాండుకు నడిచింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక శాలువా ఇంకా తన భుజాల మీదే ఉందని గమనించి, కోపంగా తీసి ఒళ్లో కుక్కుకుంది. దారి పొడుగునా తడిసిన చేలు కనబడుతూనే ఉన్నాయి. కొన్నింట్లో విత్తనం గొర్రు తోలుతున్నారు. వాళ్ల సంచుల్లో ఏ లాటుందో ఆమెకు తెలియదు. వాళ్లకూ తెలియదు.

మర్నాడు కేంద్రం గేటు దగ్గర జనం. చౌడమ్మ ముందుంది. ఆమె వెనక ట్రాక్టర్లలో సంచులతో సహా వచ్చినవాళ్లున్నారు.

హంసవేణి వాళ్లను దాటుకుని లోపలికి వెళ్లి, ఉత్తర్వును ఇంకొకసారి చదివింది. కాగితం ద్వారా వద్దన్నారు. నోటితో వద్దన్నారు. గోడ గురించి ఏమీ అనలేదు.

"మస్తాన్, సున్నం బకెట్ తీసుకురా. ఇనుప నిచ్చెన కూడా."

కేంద్రం ప్రహరీగోడ రోడ్డు వైపు పొడుగ్గా ఉంటుంది. మస్తాన్ వలి దానికి సున్నం కొట్టాడు. తడి ఆరీ ఆరకముందే హంసవేణి నల్లరంగుతో లాటు నంబర్లు రాసుకుంటూ పోయింది. ప్రతి నంబరు ఎదురుగా వందకు ఎన్ని మొలిచాయో, దాని పక్కన "వేయవచ్చు" లేదా "వేయరాదు" అని. చివర తన సంతకం, హోదా పెద్ద అక్షరాలతో పెట్టింది. రంగు మోచేతి దాకా కారింది. జనం ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. గంటలో ఆ గోడ జిల్లా అంతటా తిరిగింది. సాయంత్రానికి విత్తనాల అంగళ్ల ముందు ట్రాక్టర్లు ఆగాయి.

"ఇప్పుడు సూడు నాయనా," అంది చౌడమ్మ అంగడాయనతో, ఫోన్లో గోడ ఫొటో అతని ముక్కు దగ్గర పెట్టి. "నోటిమాట కాదు. గోడ మీద రాతుండాది. సంతకముండాది." ఆమె వెనక నిలబడ్డవాళ్ల సంఖ్య చూసి అతను నవ్వలేదు. సంచులు మార్చాడు. చౌడమ్మ ఆ మర్నాడే విత్తనం వేసింది. వారం తిరిగేసరికి మామిళ్లపల్లి చేలలో సాళ్లు పచ్చగా కనబడ్డాయి. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. ఎగువ ఊళ్లలో కొందరు వాన పడ్డ రోజే చెడ్డ లాటు వేసేశారు. వాళ్ల చేలు అక్కడక్కడా మొలిచి, మిగతాచోట్ల ఎర్రగా ఉండిపోయాయి. హంసవేణి మోటారు సైకిలు మీద వెళ్లి వాటిని చూసొచ్చింది.

గోడ సంగతి రాజధానికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. శేషశయనం గారు తనిఖీకి స్వయంగా వచ్చారు. సస్పెన్షన్ కాగితం సంచిలో పెట్టుకుని వచ్చారని డ్రైవరు చెప్పాడు. కారు దిగి గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. ఆయన వెనక పారిశుద్ధ్య విభాగమంతా నడిచింది.

"ఇందులో ప్రశ్నార్థకం లేదు," అన్నారు ఆ చివర ఆగి.

"లేదు సార్," అన్నారు వెనకవాళ్లు.

"సమాన చిహ్నం లేదు. రహస్యం లేదు. రోడ్డున పోయేవాడికి కూడా కనబడుతోంది." ఆయన వెనక్కి తిరిగారు. "నేను ఇన్నాళ్లుగా చెబుతున్నది ఇదే కదయ్యా! ఒక్కరికైనా అర్థమైందా?"

హంసవేణి నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. చెబితే ఆయన మనసు మారవచ్చునని ఆమె భయం.

సస్పెన్షన్ కాగితం సంచిలోంచి బయటికి రాలేదు. గోడ ఆదర్శ చిరునామాగా ప్రకటించబడింది. అయితే తిరుగు ప్రయాణంలో శేషశయనం గారికి ఒక సంగతి తట్టింది. అనుబంధ కార్యాలయానికి స్వతంత్రంగా గోడ ఉండకూడదు. అది ప్రధాన కార్యాలయంలో ఒదిగి ఉండాలి.

ఉత్తర్వు రాగానే మేస్త్రీలు వచ్చారు. గోడను పలకలు పలకలుగా కోసి, నంబర్లు వేసి, లారీలకెత్తారు. రాజధానిలో దాన్ని ఎరువుల విభాగం వెనక, సైకిల్ స్టాండు పక్కన మళ్లీ కట్టారట. కొన్ని పలకలు తిరగబడ్డాయట గానీ రాత శుభ్రంగానే ఉందట.

గుండ్లవంక కేంద్రానికి ఇప్పుడు ప్రహరీ లేదు. గేటు మాత్రం ఉంది. దానికి అటూ ఇటూ ఏమీ లేదు కాబట్టి ఎవరూ దాన్ని తెరవరు. రైతులు రోడ్డు మీద నుంచి నేరుగా నడిచొచ్చి హంసవేణి కిటికీ దగ్గర నిలబడతారు. ట్రాక్టరు దిగే ఓపిక లేనివాళ్లు దాని మీద నుంచే కేకేస్తారు.

"మేడమ్, ఈ లాటు మొలుస్తాదా?"

"మొలవదు. వెయ్యొద్దు!" అని ఆమె లోపలి నుంచే కేకేసి, మళ్లీ ఇసుక ట్రే మీదికి వంగి మొలకలు లెక్కపెట్టుకుంటుంది.